ముందు తూకం, తర్వాతే తొట్టి

సారంగ్‌ఖేడా సంతలోనో పుష్కర్‌లోనో కొన్న గుర్రం లారీ దిగగానే వీధి వీధంతా చుట్టూ మూగుతుంది. ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: ‘దీనికి దాణా ఏం పెట్టాలి?’ ఉలవలని ఒకరంటారు, శనగలని ఇంకొకరంటారు, రోజూ చెంబెడు పాలు, గరిటెడు నెయ్యి పొయ్యందే గుర్రం నిగారించదని ఓ పెద్దాయన తీర్పు చెప్పేస్తాడు. గడ్డి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత కట్టుకున్నవాళ్లం, మన లెక్క దాణాతోనే మొదలవుతుంది, దాణాతోనే ముగుస్తుంది.

ఈ అధ్యాయంలో ఆ లెక్కను తిరగేద్దాం. మొదట గుర్రం బరువు. తర్వాత గడ్డి. ఆ గడ్డిలో ఏముందో, ఏం లేదో చూసుకున్నాక, లోటు మిగిలితే ఆ లోటు మేరకే దాణా. మలక్‌పేట రేసు గుర్రాలకు ట్రైనర్లున్నారు, డాక్టర్లున్నారు, వాటి జోలికి మనం పెద్దగా పోవద్దు. పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రం, విశాఖ బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకునే గుర్రం, పాడేరు మన్యంలో కొండ మీది గూడేలకు బియ్యం బస్తాలు మోసే తట్టువ, ఫామ్‌హౌస్‌లో సరదాకు పెంచే గుర్రం, ఇవీ ఇక్కడ మన గుర్రాలు.

కడుపు సంగతి

ఆవుకూ గుర్రానికీ ఒకే మోపులోంచి గడ్డి తీసి వేస్తాం కాబట్టి రెండింటి కడుపూ ఒకటేనని అనుకుంటాం. ఆవు గబగబా మింగేసి, నీడన పడుకుని తీరిగ్గా నెమరేస్తుంది. గుర్రానికి ఆ వెసులుబాటు లేదు. నమిలేది ఒక్కసారే, మింగిందా పోయిందే. దాని జీర్ణాశయం ఒంటితో పోలిస్తే మరీ చిన్నది, పెద్ద గుర్రానికి కూడా 8 నుంచి 15 లీటర్లకు మించి పట్టదు. మేత ఉన్నా లేకున్నా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని విరవాల్సింది లాలాజలం. అది నములుతున్నప్పుడే ఊరుతుంది, ఊరికే నిలబడి ఉంటే ఊరదు. కిలో ఎండుగడ్డి నమలడానికి గుర్రానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. కిలో ఓట్స్ 10 నిమిషాల్లో అయిపోతాయి. పొద్దున ఓ తొట్టెడు, సాయంత్రం ఓ తొట్టెడు దాణా పోసి, మధ్యలో నోటికి ఏమీ అందకుండా కట్టేసిన గుర్రం కొయ్య ఎందుకు కొరుకుతుందో, కడుపులో పుండ్లు ఎందుకు పడతాయో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

జీర్ణాశయం దాటాక 20 మీటర్లకు పైగా పొడవున్న చిన్నపేగు. గింజల్లోని పిండి, ప్రోటీన్, కొవ్వు అరగాల్సింది ఇక్కడ. ఆ తర్వాత అంధనాళం, అంటే ఒక వైపు మూసుకుపోయి మీటరు పొడవున ఉండే పెద్ద సంచి. పెద్ద గుర్రంలో 25 నుంచి 35 లీటర్లు పడుతుంది. దాన్ని ఆనుకుని పెద్దపేగు. మన ఇంట్లో ఇడ్లీ పిండి రాత్రంతా పులిసినట్టు ఇక్కడ గడ్డి పీచు పులుస్తుంది. పులియబెట్టేది కోటానుకోట్ల సూక్ష్మజీవులు. అవి పీచును విడగొట్టినప్పుడు పుట్టే ఆమ్లాలే గడ్డి తినే గుర్రానికి ప్రధానమైన శక్తి. గుర్రాన్ని మేపడమంటే నిజానికి ముందు ఈ సూక్ష్మజీవుల్ని మేపడమే.

ఒక్కసారే ఎక్కువ గింజలు పెడితే చిన్నపేగు అరిగించుకోగలిగినంతా అరిగించుకుని, మిగిలిన పిండిని వెనక్కి తోసేస్తుంది. అక్కడ అది పీచులా మెల్లగా పులవదు. గంటల్లో లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది, పీచును అరిగించే జీవులు చచ్చిపోతాయి, వాటి విషం రక్తంలోకి ఎక్కుతుంది. పైకి కనిపించేది రెండు రకాలు. ఒకటి కడుపునొప్పి, డాక్టర్లు కోలిక్ అనేది. రెండోది గిట్ట లోపలి పొర వాచిపోయి గుర్రం అడుగు తీసి అడుగు వేయలేకపోవడం, దాన్ని లామినైటిస్ అంటారు. గుర్రం వాంతి చేసుకోలేదన్నది కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట కండరం అంత గట్టిగా బిగిసి ఉంటుంది. ఎక్కువ తిన్న కుక్క కక్కేసి బయటపడుతుంది. ఎక్కువ తిన్న గుర్రానికి ఆ దారి లేదు, కడుపు పగిలి చనిపోయినవీ ఉన్నాయి.

టేపు తీయండి

ఎంత పెట్టాలన్నది గుర్రం బరువును బట్టి ఉంటుంది. ‘మా గుర్రం నాలుగొందల కిలోలుంటుంది’ అని కంటితో చెప్పేవాళ్ల మాట నమ్మకండి, ఎక్కువసార్లు అది తప్పే అవుతుంది. లారీల వేబ్రిడ్జి దగ్గర్లో ఉంటే మంచిదే. లేకపోతే దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక, మూపు మీదుగా ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీయండి. తర్వాత భుజం ముందు కొన నుంచి పిరుదు ఎముక చివర దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. ఛాతీ 166, పొడవు 151 సెంటీమీటర్లు ఉన్న గుర్రం 350 కిలోలు తూగుతుంది. ఊరేగింపు గుర్రాల్లో ఈ బరువువి చాలానే కనిపిస్తాయి కాబట్టి ఈ అధ్యాయమంతా దీన్నే లెక్కకు పెట్టుకుందాం.

బరువు తెలిశాక ఒంటి తీరు చూడాలి. 1983లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డాన్ హెన్నెకె 1 నుంచి 9 వరకు ఒక కొలమానం తయారుచేశాడు. 1 అంటే ఎముకల గూడు, 9 అంటే కొవ్వు ముద్ద. మెడ, మూపు, భుజం వెనక భాగం, పక్కటెముకలు, నడుము, తోక మొదలు చూసి మార్కు వేస్తారు. అంతా నేర్చుకోకపోయినా ఒక్కటి చేయండి. అరచేతిని గుర్రం పక్కటెముకల మీద మెల్లగా జరపండి. ఎముకలు కంటికి కనిపించకూడదు, చేతికి మాత్రం తేలిగ్గా తగలాలి. అది 5, మనకు కావలసింది అదే. నొక్కితే తప్ప తగలకపోతే దాణా ఎక్కువైంది. నాలుగడుగుల దూరం నుంచే లెక్కపెట్టగలిగేలా ఉంటే తిండి చాలడం లేదు, లేదా పళ్లో పురుగులో అడ్డం పడుతున్నాయి. పదిహేను రోజులకోసారి టేపు, అరచేయి రెండూ వాడి, అంకెలు ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. రోజూ చూసే కన్ను మార్పును పట్టుకోలేదు.

గడ్డి లెక్క

గుర్రం రోజుకు తన బరువులో 2 శాతం మేత తింటుంది. తడి తీసేసి లెక్కగట్టిన మేత అది, అందులో గడ్డి వాటా 1.5 శాతానికి తగ్గకూడదు. మన 350 కిలోల గుర్రానికి మొత్తం 7 కిలోలు, అందులో గడ్డి అయిదుంపావు కిలోలకు తక్కువ ఉండకూడదన్నమాట. తడి తీసేసి అన్నది ముఖ్యం. నేపియర్ లాంటి పచ్చగడ్డిలో ఎనభై శాతం దాకా నీళ్లే. పది కిలోల పచ్చగడ్డి మోపు వేసి కడుపు నిండిందనుకుంటే, లోపలికి వెళ్లిన అసలు మేత రెండు కిలోలే.

మన దగ్గర దొరికే గడ్డిలో అన్నీ ఒకటి కావు. పూత పట్టే ముందు కోసి ఆరబెట్టిన మామూలు పచ్చిక, గరిక, రోడ్స్ గడ్డి, ఇవి గుర్రానికి పుట్టింటి తిండి. వరిగడ్డి అలా కాదు. గింజ రాలిపోయాక మిగిలిన కాడ అది, ప్రోటీన్ నాలుగు శాతం కూడా కష్టం, ఇసుక లాంటి సిలికా ఎక్కువ, అరుగుదల తక్కువ. నోరు ఆడటానికి కొంత వేయొచ్చు గానీ వరిగడ్డి మీదే గుర్రాన్ని బతికించాలని చూస్తే పొట్ట కిందికి జారుతుంది, వీపు పైకి తేలుతుంది. నీళ్లు కూడా తక్కువ తాగితే పేగులో గడ్డకట్టుకుపోయే ప్రమాదం ఉంది. లేత పచ్చజొన్న జోలికి అసలు పోవద్దు. అందులో సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది. రోజుల తరబడి పచ్చజొన్న మేసిన గుర్రాలకు వెనక కాళ్లు తూలడం, మూత్రం పట్టు తప్పడం వస్తాయి. బాగా ఎండిన జొన్న చొప్ప కొంత నయం, కాకపోతే లావు కాడల్ని గుర్రం ఎలాగూ వదిలేస్తుంది.

లూసర్న్ పప్పుజాతి మేత. కిలో ఎండు లూసర్న్‌లో ప్రోటీన్ 170 గ్రాముల దాకా, కాల్షియం 12 గ్రాముల దాకా ఉంటాయి. అనంతపురం వైపు లూసర్న్ దొరకనివాళ్లు వేరుశనగ కట్టెను దాని బదులు వాడుకోవచ్చు, అదీ పప్పుజాతిదే. షరతు ఒక్కటే: బూజు వాసన ఉండకూడదు. మోపు విప్పి దులిపినప్పుడు తెల్లటి పొడి లేస్తే అది దుమ్ము కాదు, బూజు. ఆవుకు వేసినా గుర్రానికి వేయకండి.

తవుడు, ఎముక

ఈ అధ్యాయంలో మిగతా అంతా మరిచిపోయినా ఇది మాత్రం మరవకండి. వరి పండే నేల మీద గుర్రాన్ని పెంచేవాళ్లందరి గడప ముందూ పొంచి ఉన్న లోపం ఇది. అయినా దీని గురించి ఎవరూ చెప్పరు.

తవుడు చవక. మిల్లు దగ్గరే దొరుకుతుంది, గుర్రం ఇష్టంగా తింటుంది, ఒళ్లు కూడా నున్నగా అవుతుంది. అందుకే దాణా తొట్టిలో సగం తవుడే ఉంటుంది. అయితే తవుడులో భాస్వరం ఒకటిన్నర శాతం పైనే, కాల్షియం మాత్రం నామమాత్రం. గోధుమ తవుడు తీరూ ఇంతే. గుర్రానికి కావలసింది దీనికి తలకిందులు: కాల్షియం భాస్వరానికి కనీసం సమానంగానైనా ఉండాలి, ఒకటిన్నర నుంచి రెండింతలుంటే మంచిది. భాస్వరం మితిమీరితే తిన్న కాల్షియం కూడా పేగులో సరిగా ఎక్కదు. రక్తంలో కాల్షియం తగ్గకూడదు కాబట్టి శరీరం ఎముకల్లోంచి తోడుకోవడం మొదలుపెడుతుంది. అలా డొల్లబడ్డ ఎముక చోట నారలాంటి కండ పెరుగుతుంది.

దీనికి తోడు నేపియర్, సెటేరియా లాంటి గడ్డిజాతుల్లో, వరిగడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ. అవి కాల్షియాన్ని పట్టేసుకుని లద్దెతో పాటే బయటికి పంపేస్తాయి. ఆవు కడుపులోని జీవులు ఆక్సలేట్లను చాలావరకు విరగ్గొట్టుకుంటాయి, అందుకే పాడిరైతుకు ఈ బెడద అంతగా తెలియదు. గుర్రంలో పేగు కాల్షియాన్ని పీల్చుకునే చోటు ముందుంటుంది, సూక్ష్మజీవులుండే చోటు వెనకుంటుంది. అక్కడికి చేరేసరికి ఆలస్యమైపోతుంది.

ఇప్పుడు చాలా చోట్ల కనిపించే ఒక తొట్టిని లెక్కేసి చూడండి: వరిగడ్డి 4 కిలోలు, పచ్చి నేపియర్ 8 కిలోలు, తవుడు 3 కిలోలు, ఉలవలు కిలో. ఇందులో కాల్షియం ఉరమరగా 20 గ్రాములు, భాస్వరం 60 గ్రాముల దగ్గర. కావలసిన నిష్పత్తి తిరగబడి, ఒకటికి మూడయింది. ఆ 20 గ్రాములు కూడా ఆక్సలేట్లు మింగగా ఎంత మిగులుతుందో చెప్పలేం. నెలల తరబడి ఇదే నడిస్తే మొదట ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటుతుంది. లాడం బాగాలేదని లాడం మారుస్తారు. నడక బిగుసుకుపోతుంది, నమలడం తగ్గుతుంది. చివరికి కళ్ల కింద, ముక్కుకు రెండు వైపులా ఎముక ఉబ్బి మొహం బండబారుతుంది. అప్పటికి చాలా ఆలస్యమైనట్టే. ఈ జబ్బును ఇంగ్లిషు డాక్టర్లు ఒకప్పుడు తవుడు జబ్బనే పిలిచేవాళ్లు. పిండిమర నడిపేవాళ్ల గుర్రాలకు ఎక్కువగా వచ్చేదని దానికి మిల్లరు జబ్బన్న పేరు కూడా ఉంది.

మందు ఖరీదైనదేమీ కాదు. తవుడును రోజుకు అరకిలోలోపు దించండి, కుదిరితే మానేయండి. లూసర్న్ పెంచండి. అదీ దొరక్కపోతే మేతల్లో కలిపే సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్, పశువుల మందుల షాపులో దొరుకుతుంది. అందులో 38 శాతం దాకా కాల్షియమే. ఎంత కలపాలన్నది మీ తొట్టి లెక్కను బట్టి పశువైద్యుడితో తేల్చుకోండి. పాన్‌లో రాసుకునే సున్నం వేరు, అది నోటిని కాల్చేస్తుంది, పొరపాటున కూడా కలపకండి. షాపువాడు డీసీపీ, అంటే డైకాల్షియం ఫాస్ఫేట్, ఇస్తే తిప్పి ఇచ్చేయండి. పాడి పశువులకు అది పనికొస్తుంది గానీ అందులో కాల్షియంతో పాటు భాస్వరం కూడా ఉంటుంది. మన లోటు భాస్వరం కాదు.

ఇంకో మాట. తవుడులోని నూనె త్వరగా చేదెక్కుతుంది. మిల్లు నుంచి తెచ్చి వారం దాటిన తవుడును గుప్పిట్లోకి తీసుకుని వాసన చూడండి. సబ్బు వాసన, ఘాటు వాసన వస్తే పారేయండి.

ఇప్పుడు దాణా

గుర్రాల పోషణ లెక్కలకు ప్రపంచమంతా ఎక్కువగా ఆధారపడేది అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2007లో వేసిన గుర్రాల పోషకావసరాల పుస్తకం ఆరో కూర్పు మీద. దాని ప్రకారం 500 కిలోల గుర్రం ఊరికే నిలబడి ఉంటే రోజుకు 16.7 మెగాకేలరీలు చాలు. తేలికపాటి పనికి 20, గట్టి పనికి 26.6, రేసు గుర్రం స్థాయి పనికి 34.5. వారంలో రెండు మూడు ఊరేగింపులు, మిగతా రోజులు గంటసేపు నడక ఉన్న గుర్రాన్ని తేలికపాటి పనిలో వేసుకోండి. మన 350 కిలోల గుర్రానికి అది 14 మెగాకేలరీలు, ప్రోటీన్ 490 గ్రాములు, కాల్షియం 21 గ్రాములు, భాస్వరం 12.6 గ్రాములు అవుతుంది.

మంచి ఎండు పచ్చిక 5 కిలోలు వేస్తే 9 మెగాకేలరీలు, 250 గ్రాముల ప్రోటీన్ వస్తాయి. కిలో ఎండు లూసర్న్‌తో ఇంకో 2.2 మెగాకేలరీలు, 170 గ్రాముల ప్రోటీన్. అంటే గడ్డితోనే 11.2 మెగాకేలరీలు, 420 గ్రాముల ప్రోటీన్ సమకూరాయి. దాణా పూడ్చాల్సిన లోటు మూడు మెగాకేలరీలకు కాస్త తక్కువ, ప్రోటీన్ 70 గ్రాములు. అరకిలో ఓట్స్ లేదా బార్లీ, 400 గ్రాముల ఉలవలు కలిపితే ఆ లోటు తీరిపోతుంది, ప్రోటీన్ కొంచెం ఎక్కువే అవుతుంది. కాల్షియం 30 గ్రాములు, భాస్వరం 15 గ్రాముల దగ్గర నిలుస్తాయి, భాస్వరం ఒకటికి కాల్షియం రెండు. మొత్తం దాణా కిలో కూడా కాలేదు. బస్తాలకు బస్తాలు దాణా కొనే అలవాటున్నవాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. గడ్డి బాగుంటే దాణా ఇంతే. ఈ అంకెలు సగటు గడ్డికి సంబంధించినవి, మీ గడ్డి నాసిరకమైతే టేపు, అరచేయి ఆ సంగతి మూడు వారాల్లో చెప్పేస్తాయి, అప్పుడు దాణాను ఒక్కొక్క పావుకిలో చొప్పున పెంచుకోండి.

ఉలవల మీద నాకు గౌరవం ఉంది. 22 శాతం ప్రోటీన్, మన మెట్ట పొలాల్లో తక్కువ వానకే పండుతాయి. కాకపోతే పచ్చి ఉలవల్లో ప్రోటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థాలున్నాయి, అవి వేడికి పోతాయి. రాత్రి నానబెట్టి పొద్దున మెత్తగా ఉడికించి, పూర్తిగా చల్లార్చి పెట్టాలి. ఉడికిన కట్టు ఇంట్లో చారుకు పోతే గుర్రానికి వచ్చే నష్టం పెద్దగా లేదు. మే నెలలో పొద్దున ఉడికించినవి సాయంత్రానికి పులిసిపోతాయి, అవి మాత్రం పెట్టొద్దు.

కొలవడానికి డబ్బా వాడకండి. ఒకే డాల్డా డబ్బాతో ఓట్స్ కొలిచి, రేపు అదే డబ్బాతో మొక్కజొన్న పోస్తే బరువు ఒకటిన్నర రెట్లు, శక్తి దాదాపు రెండింతలు అవుతుంది. గుర్రానికి మీరు ఒక్కరోజులో దాణా రెట్టింపు చేసినట్టు. మొక్కజొన్న గురించి ఇంకో హెచ్చరిక: బూజు పట్టిన మొక్కజొన్నలో ఫ్యుమొనిసిన్ అనే విషం ఉంటుంది. అది గుర్రం మెదడును కరిగించేస్తుంది. దానికి చికిత్స లేదు.

ఒక్క పూటకు గింజలు గుర్రం బరువులో 0.5 శాతం మించకూడదని లెక్క, మన గుర్రానికి పావు తక్కువ రెండు కిలోలు. నా మాట వింటే పూటకు కిలో దాటనివ్వకండి. ఎక్కువ పెట్టాల్సి వస్తే పూటలు పెంచండి. గుర్రం పని చేయని రోజు దాణా సగానికి కోసేసి గడ్డి పెంచండి. వారమంతా పనిచేసి, ఆదివారం కట్టు మీదే ఉండి నిండా దాణా తిన్న బండిగుర్రాలు సోమవారం పొద్దున బండి కట్టగానే కండరాలు బిగుసుకుపోయి కూలబడేవి, మూత్రం కాఫీ రంగులో పోసేవి. జట్కాలు నడిచిన రోజుల్లో దీన్ని సోమవారం జబ్బనేవాళ్లు. మన ఊరేగింపు గుర్రాలకు సోమవారం అంటే మూఢం వెళ్లాక వచ్చే మొదటి ముహూర్తం.

పాల గురించి, నెయ్యి గురించి పెద్దాయన చెప్పిన తీర్పుకు జవాబు: మూడేళ్లు దాటిన గుర్రానికి పాలలోని చక్కెర సరిగా అరగదు, విరేచనాలవుతాయి. కొవ్వు అరుగుతుంది. పిత్తాశయం లేకపోయినా గుర్రం కొవ్వును బాగానే వాడుకుంటుంది. చిక్కిన గుర్రానికి ఒళ్లు పట్టించాలంటే నెయ్యి అక్కర్లేదు, మామూలు వంటనూనె రోజుకు రెండు చెంచాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చు. కోళ్ల దాణా మాత్రం గుర్రం దరిదాపుల్లో ఉండకూడదు. కోళ్లకు రోగం రాకుండా కలిపే మొనెన్సిన్ గుర్రం గుండె కండరాన్ని చంపేస్తుంది, చాలా కొద్ది మోతాదు చాలు. కొన్ని పశువుల దాణాల్లోనూ అది ఉంటుంది, యూరియా కూడా ఉంటుంది. గోదాములో బస్తాలు కలిసిపోకుండా గుర్రం దాణాకు వేరే మూల చూడండి.

పెట్టే తీరు

గడ్డి ముందు, గింజ తర్వాత. ఆకలి మీదున్న గుర్రానికి మొదటే గింజ పోస్తే నమలకుండా మింగుతుంది. నోటికి గడ్డి అందకుండా అయిదారు గంటలు దాటనివ్వకండి. రాత్రి పెద్దది కాబట్టి రోజు గడ్డిలో సగం రాత్రికే వేయండి. కొత్త మేత ఏదైనా పది రోజుల మీద కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి, పాత మేతకు అలవాటుపడ్డ సూక్ష్మజీవులు కొత్తదానికి సర్దుకోవాలి. ఊరేగింపుకు రెండు గంటల ముందు గింజ పెట్టడం ఆపేయండి, గడ్డి కొంచెం నమలనివ్వండి. పెళ్లివారిలో కొందరికి వరుణ్ణి ఎక్కించే ముందు ఆడపడుచులు గుర్రానికి శనగపప్పు తినిపించే ఆనవాయితీ ఉంది. గుప్పెడు పప్పుతో ఏమీ కాదు. ఆ తర్వాత లడ్డూలు, జిలేబీలు పట్టుకుని వచ్చే బంధువుల్ని మాత్రం గుర్రాన్ని చూసుకునే సైసు నవ్వుతూనే ఆపాలి.

నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. నిలబడి ఉన్నప్పుడే మన గుర్రానికి రోజుకు 18, 20 లీటర్లు కావాలి. వైశాఖంలో, పని మీద అది రెండింతలు దాటుతుంది. తొట్టి అడుగు పాచి పడితే గుర్రం తాగడం తగ్గిస్తుంది, అరవకుండా, అలగకుండా తగ్గిస్తుంది, మీకు కడుపునొప్పి వచ్చాకే తెలుస్తుంది. గుర్రం చెమటలో ఉప్పు మన చెమటలో కంటే చాలా ఎక్కువ. రోజూ 20 గ్రాముల ఉప్పు దాణాలో కలపండి, చెమట పట్టిన రోజు రెట్టింపు చేయండి. కల్లుప్పైనా ఫర్వాలేదు.

బొద్దుగా ఉన్న తట్టువల్ని చిక్కించాలని ఉన్నట్టుండి పస్తు పెట్టకండి. గాడిదలు, తట్టువల్లో ఒంట్లోని కొవ్వంతా ఒక్కసారి రక్తంలోకి దిగి ప్రాణం మీదికి వస్తుంది. దాణా పూర్తిగా తీసేయండి, గడ్డి ఉంచండి, నడిపించండి. చూలు గుర్రాలకు చివరి మూడు నెలలు, పాలిచ్చే తల్లులకు లెక్క వేరే ఉంది, వచ్చే అధ్యాయంలో చూద్దాం.

రోజూ పొద్దున లద్దె చూడటం అలవాటు చేసుకోండి. ఉండలు విడివిడిగా, పగిలీ పగలనట్టు ఉండాలి. కర్రతో ఒక ఉండను విడదీయండి. పొడవాటి గడ్డి పోగులు, గింజకు గింజ అలాగే కనిపిస్తే పళ్లు అరిగి కోసుకుంటున్నాయి. తొట్టి కింద సగం నమిలి ఉమ్మేసిన గడ్డి ముద్దలున్నా అదే అర్థం. ఎంత మంచి మేత పెట్టినా నమలలేని నోటికి అందదు, ఏడాదికోసారైనా పళ్లు చూపించి రాపించాలి.

గుర్రం మేత ముట్టకపోయినా, పదేపదే డొక్క వైపు తిరిగి చూసుకుంటున్నా, ముందుకాలితో నేల తవ్వుతున్నా, పడుకుని లేచి మళ్లీ పడుకుని దొర్లుతున్నా, లద్దె ఆగిపోయినా అది కోలిక్. తొట్టిలో మేతంతా తీసేయండి, నోట్లో వాము నీళ్లో నూనో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే మీ పశువైద్యుడికి ఫోన్ చేయండి. ఆయన దొరక్కపోతే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య సేవల నంబరు 1962.